రేగుమాను నుంచి మొగలిపాడు: గంటా పది నిమిషాలు

నమోదు 211

నేటి దూరం ఐదువందల పన్నెండు కిలోమీటర్లు. నిన్నటి దూరమూ అదే. రేపు ఆదివారం కాబట్టి రేపటి దూరాన్ని కూడా ఈరోజే ధ్రువీకరించడమైనది.

ప్రయాణ కాలం గంటా పది నిమిషాలు. మొగలిపాడు విమానం ఉదయం టిఫిన్ల వేళకు అక్కడ బయలుదేరి, గంటా పది నిమిషాలు ప్రయాణించి, ఇక్కడ మధ్యాహ్న భోజనాలు ముగిసి క్యాంటీన్ కడిగేసిన తరువాత దిగింది. ప్రయాణికులలో ఒకరు ఈ విషయమై సందేహం వెలిబుచ్చగా, విమానంలోని గడియారాన్ని చూపించి సందేహ నివృత్తి చేయడమైనది. ఆ గడియారం దూర ప్రాధికార సంస్థ వారిది. దాన్ని ఎంత నెమ్మదిగా నడపాలో ప్రతి నెలా ఉత్తర్వు వస్తుంది. ప్రయాణికుల చేతి గడియారాలనూ ఫోన్లనూ ఎక్కేటప్పుడే తీసుకొని, దిగాక సర్ది తిరిగి ఇస్తాం. సూర్యుణ్ణి సర్దే విషయం సంస్థ పరిశీలనలో ఉంది. అంతవరకు కిటికీలకు తెరలు వేస్తున్నాం.

తనిఖీకి వచ్చేవారి సౌకర్యార్థం నా ఉద్యోగం గురించి ఒక మాట. ప్రతి దూరానికీ రెండు కొసలుంటాయి. ఒక్కో కొసకు ఒక్కో దూర నిర్ధారణాధికారి. విమానం లేచే ముందు ఇద్దరూ వైర్‌లెస్‌లో దూరం ఇంత అని చెప్పుకోవాలి. రెండు అంకెలూ ఒకటైతేనే విమానం లేస్తుంది. ఏ కొస ఖాళీగా ఉన్నా లేవదు. అంకెల్లో భేదం రాకుండా ఉండాలంటే రెండు కొసలకూ దంపతులను నియమించడం ఉత్తమమని సంస్థ తొలినాళ్ళలో ఒక నివేదిక సిఫార్సు చేసింది. నివేదిక రాసినాయన బ్రహ్మచారి. ఆ సిఫార్సు ప్రకారం రేగుమాను కొసలో కంబగిరి అనే నేను, మొగలిపాడు కొసలో నా భార్య నూకరత్నం, పద్దెనిమిదేళ్ళుగా ఒకే అంకె చెబుతున్నాం.

ఇదివరకు నెలలో సగం రోజులు ఒక బదిలీ మనిషి వచ్చి ఏదో ఒక కొసలో కూర్చునేవాడు. ఆ సగం రోజులే మా కాపురం. దూరం స్థిరమైనది గనుక దాన్ని నిర్ధారించేవారికి విశ్రాంతి అనవసరమని ఆ పోస్టును రద్దు చేశారు. అప్పటినుంచి ఇది రెండో వానాకాలం.

నమోదు 214

మొగలిపాడు నుంచి ఒక స్టీలు డబ్బా వచ్చింది. పంపినవారు ఆ కొస అధికారి. అందుకున్నవారు ఈ కొస అధికారి. పంపినప్పుడు లోపల ఉన్నవి పాలు. అందినది పెరుగు.

దీనికి వివరణ అవసరం. మొగలిపాడులో పిల్లను ఇచ్చే ముందు గోరువెచ్చని పాలలో తోడు వేసి, మూతపెట్టి, మేనమామ చేతికిచ్చి పిల్లవాడి ఇంటికి పంపుతారు. చేరేసరికి పాలు పాలుగానే ఉంటే సంబంధం ఖాయం. తోడుకుంటే ఊరు దూరం. పిల్లకు కష్టమొస్తే కబురు అందేలోపు కష్టం ముదిరిపోతుందని మేనమామ ఆ పెరుగును అక్కడే వదిలి తిరిగి వెళ్ళిపోతాడు. పద్దెనిమిదేళ్ళ కిందట నూకరత్నం మేనమామ విమానంలో గిన్నెను ఒళ్ళో పెట్టుకొని, దారి పొడవునా మంచినీళ్ళయినా తాగకుండా వచ్చాడు. మా నట్టింట్లో మూత తీసి, వేలు ముంచి, గోడ మీద చుక్క విదిలించాడు. చుక్క జారింది. పెళ్ళయింది.

అప్పటినుంచి బుధవారం విమానంలో ఆమె పాలు తోడుపెట్టి పంపుతుంది. డబ్బా అందాక వైర్‌లెస్‌లో అడుగుతుంది. నేడు కూడా అడిగింది.

"ఏటండి, పాలెలాగున్నాయి?"

"తోడుకున్నాయి."

"గట్టిగానా, జారుగానా?"

"గరిటె నిలబడుతుంది."

"మా ఊరోళ్ళు ఇన్నారంటే నన్నొచ్చి తోలుకెల్లిపోతారు" అంది.

"ఎట్ల తోలుకపోతారు? నువ్వాడనే ఉండావు గదా."

ఆమె నవ్వింది. వైర్‌లెస్‌ను అధికారిక కార్యాలకే వాడాలన్న నిబంధనను ఇద్దరికీ గుర్తు చేశాను.

నమోదు 220

సంస్థ నుంచి గోడపత్రిక వచ్చింది. "రాజధాని నుంచి మహారేవుకు ఇక నాలుగే నిమిషాలు." కనబడే చోట అంటించాలని ఆదేశం. భద్రతా విభాగంలో ఉన్న ఏకైక ఉద్యోగిని ఓబులమ్మ మైదా జిగురు కాచి తెచ్చింది.

"ఇంతకు ముందు ఆడికి ఎంతసేపు సార్?"

"రెండు గంటలు."

"మల్ల మిగిలిన దూరం ఏం చేసినారు?"

దూరాన్ని మడతపెట్టవచ్చు గాని నశింపజేయడం కుదరదనీ, ఒకచోట తీసిన దూరాన్ని మరొకచోట పరచాల్సిందేననీ, అందుకోసం రాకపోకలు తక్కువగా ఉన్న మార్గాలను శాస్త్రీయ పద్ధతిలో ఎంపిక చేశారనీ ఆమెకు తెలియజేశాను.

"అంటే మన నెత్తిన."

"మన నెత్తిన కాదు. మనకూ మొగలిపాడుకూ మధ్య."

"అదే సార్ నేననేది. వాళ్ళిల్లు ఊడ్చి మన వాకిట్లో పోసినారు."

ఓబులమ్మ గోడపత్రికను తలకిందులుగా అంటించింది. నేను గమనించేసరికి జిగురు ఆరిపోయింది.

నమోదు 228

మా విమానంలో పంతొమ్మిది సీట్లు. గెజిట్‌లో ఉన్న దూరానికి సరిపడా ఇంధనమే దాని ట్యాంకులో పోయాలి. అంతకంటే ఎక్కువ అడిగితే దూరం పెరిగిందని ఒప్పుకున్నట్టు అవుతుంది. దూరం పెరగలేదు. అయినా విమానం మధ్యలో పడకూడదు. ఈ రెండింటినీ సమన్వయపరుస్తూ కెప్టెన్ మస్తాన్‌వలీ ఒక పద్ధతి కనిపెట్టాడు. ఇంధనం పీపాలు ప్రయాణికులుగా ఎక్కుతాయి. దారిలో గొట్టం పెట్టి ట్యాంకులోకి దించుకుంటాడు. పీపాలకు టికెట్టు ఉంటుంది, బెల్టు ఉంటుంది. పేరు లేనిదే కంప్యూటరు సీటు ఇవ్వదు గనుక తన బావమరుదుల పేర్లు పెట్టాడు.

"ఎనిమిది మంది బావమరుదులా?" అని అడిగాను.

"ఆరుమందే సార్. తక్కిన ఇద్దరు షడ్డకులు."

"ఏడో సీటులో ఎవరు?"

"అక్బర్ బాషా. పెద్దోడు. రొంత కారుతాండాడు, చూసుకోవాల."

నిబంధనల ప్రకారం ప్రతి ప్రయాణికునికీ ఒక టిఫిన్ పొట్లం ఇవ్వాలి. ఎనిమిది మంది ప్రయాణికులు తినడానికి నిరాకరించారు. పొట్లాలను ఓబులమ్మ ఇంటికి తీసుకువెళ్ళింది. మనుషులు పదకొండు మంది వెళ్ళారు.

నమోదు 235

మనుషులు నలుగురు. పీపాలు పదిహేను. బావమరుదులూ షడ్డకులూ అయిపోగా మస్తాన్‌వలీ చిన్నప్పటి అయ్యవార్ల పేర్లు మొదలుపెట్టాడు.

అతడు మొగలిపాడులో నున్నగా గడ్డం గీసుకొని బయలుదేరి, గంటా పది నిమిషాల తరువాత మాసిన గడ్డంతో ఇక్కడ దిగాడు. టీ తాగుతుండగా, కింద ఏం కనబడుతుందని అడిగాను. అడగడం నా విధులలో లేదు.

"ముందు మన కొండలు, శెనక్కాయ చేన్లు, ఏరు. ఆ కొసన వాళ్ళ జీడితోటలు, సముద్రం. నడాన ఏమీ ల్యా సార్."

"ఏమీ లేకపోవడమంటే?"

"నేల ఉండాది. బూడిద రంగు. చెట్టు ల్యా, గుట్ట ల్యా, కాకి ల్యా. పాత రోడ్డు ఉండె గదా, అది సాగీ సాగీ దారం మాదిరి అయిపోయి ఒగచోట తెగింది. ఆ పక్కన ఏ ఊరుంటుందోనని చూస్తానే ఉంటా. దూరం తప్ప ఏమీ ఉండదు."

డబ్బాలో పెరుగు పులిసి వచ్చింది. ఈ సంగతి నూకరత్నానికి చెప్పాను. ఆమె జవాబు రావడానికి ఇదివరకటి కన్నా ఎక్కువ వ్యవధి పట్టింది. పరికరం చెడిందేమోనని పరీక్షించగా సక్రమంగానే ఉంది. మాట కూడా ఆ నేల మీదుగానే నడిచి రావాలి.

నమోదు 239

ఉత్తర్వు అందింది. విమానాలలో పాలు, పెరుగు, నానబెట్టిన పిండి, మొలకెత్తే గింజలు నిషిద్ధం. ఇవి గడియారాలతో సహకరించడం లేదని సంస్థ దృష్టికి వచ్చింది.

ఉత్తర్వును ఇద్దరం శిరసావహించాం. ఇకపై విమానం అక్కడ లేవబోతున్నదని ఆమె చెప్పగానే నేను ఇక్కడ, నా వంటగదిలో పాలు తోడుపెడతాను. దిగగానే మూత తీస్తాను. ఇక్కడి నుంచి వెళ్ళినప్పుడు ఆమె అక్కడ అదే పని చేస్తుంది. వంటగదులు ఉత్తర్వు పరిధిలోకి రావు.

నమోదు 246

కెప్టెన్ మస్తాన్‌వలీ నా గదికి వచ్చి, కూర్చోమనకుండానే కూర్చున్నాడు.

"సార్, రేపటికి పద్దెనిమిది పీపాలు. ఒగ సీటు మిగుల్తుంది. ఆ పై వారానికి అదీ ఉండదు."

"ఎవరైనా టికెట్టు తీసుకున్నారా?"

"ఎవురూ ల్యా. మీరు రాండి."

నేను ఎక్కితే ఈ కొస ఖాళీ అవుతుందనీ, విమానం ఇక తిరిగి రావడానికి వీలుండదనీ, మార్గం మూతపడుతుందనీ నియమాలు ఉటంకిస్తూ వివరించాను. అతడు ఓపికగా విన్నాడు.

"తిరిగి రావాలంటే ముందు పోవాల గదా సార్. నాకు ఈ కొసైనా ఆ కొసైనా ఒగటే. మా ఆడమనిషి పోయినాక రెండూ పరాయి ఊర్లే. బావమరుదులు పలకరించేది మానేసి మూడేండ్లాయె. పీపాలన్నా పక్కన కూచుంటాండాయి."

"ఇంధనం చాలుతుందా?"

"పోయినసారి దిగినప్పుడు ట్యాంకులో చెంబెడు మిగిలింది."

"ఈ వారంలో దూరం పెరిగి ఉంటే?"

"దూరం ఎట్ల పెరుగుతాది సార్? సంతకం పెట్టేది మీరే గదా."

అతడు నవ్వాడు. నేను హోదా రీత్యా నవ్వలేదు.

సాయంత్రం వైర్‌లెస్‌లో, రేపటి విమానంలో ఒక ప్రయాణికుడు వస్తున్నాడని మొగలిపాడుకు తెలియపరిచాను.

"పేరు?"

"కంబగిరి."

మాట వెళ్ళి రావడానికి పట్టే వ్యవధి గడిచింది. అంతకు మించి కూడా గడిచింది.

"పీపానా, మనిషా?"

"మనిషే" అన్నాను.

నమోదు 247

నాలుగు చొక్కాలు, వేయించిన శెనక్కాయలు, ఒక స్టీలు డబ్బా సంచిలో సర్దుకున్నాను. తనిఖీ బల్ల దగ్గర ఓబులమ్మ డబ్బా మూత తీసి చూసింది.

"ఏంది సార్ ఇది?"

"పాలు."

"తోడేసినారా?"

"వేశాను."

ఆమె మూత బిగించి, కదలకుండా చుట్టూ తువ్వాలు చుట్టి, సంచిలో నిలువుగా పెట్టింది. "నాకేం కనపడలే. అమ్మగార్ని అడిగినానని చెప్పండి" అంది.

పద్దెనిమిది మంది ప్రయాణికులు అప్పటికే బెల్టులతో కూర్చొని ఉన్నారు. నేను టవరులోకి వెళ్ళి, చివరిసారిగా అంకె చెప్పాను. రేగుమాను కొస నుంచి దూరం ఐదువందల పన్నెండు కిలోమీటర్లు. మొగలిపాడు ధ్రువీకరించవలసింది.

వ్యవధి గడిచింది.

"మొగలిపాడు కొస నుంచి దూరం ఆరువేల తొమ్మిదివందల కిలోమీటర్లు."

పద్దెనిమిదేళ్ళలో ఆమె అంకె నా అంకెతో విభేదించడం ఇదే ప్రథమం. పొరపాటు జరిగి ఉండవచ్చునని, సరిచూసుకోవలసిందిగా కోరాను.

"సరిసూసుకునే సెప్పాను. పోయినసారి బండి ఇక్కడ దిగేసరికి నా గిన్నెలో పెరుగు పులిసిపోయి పైకి నీరు తేలిపోయింది. దాన్నిబట్టే లెక్కేశాను."

"అంకె దిద్దుకో. విమానం ఆగిపోతుంది."

"ఆగాలనే."

"ఒకటే సీటుండాది, రత్నం. వచ్చే వారానికి అదీ ఉండదు."

ఈసారి వ్యవధి చాలా ఎక్కువగా తోచింది. కిటికీలోంచి చూస్తే మస్తాన్‌వలీ రెక్క కింద నిలబడి టవరు వైపు చేయి ఊపుతున్నాడు.

"తెలుసండి. ఆ సీట్లో మీ బదులు ఇంకో పీపా కూకుంటే బండి సేరుద్ది. మీరు కూకుంటే సేరదు. ఎన్నిసార్లు ఏసినా లెక్క అదే వస్తంది. పీపా వస్తే నాకేటి పని?"

ఈ సంభాషణ రికార్డు అవుతున్నదని హెచ్చరించాను.

"అవనీండి. ఇన్నేళ్ళూ మీరేటంటే దానికి సరే అన్నాను. ఇదొక్కటీ కాదన్నానని రాసుకోండి."

రాసుకున్నాను. విమానం నిలిపివేయడమైనది. ప్రయాణికులను ఒక్కొక్కరినీ దొర్లించుకుంటూ దించి, ఆలస్యానికి చింతిస్తూ టిఫిన్ పొట్లాలు ఇవ్వడమైనది. మస్తాన్‌వలీ తానూ రాత్రంతా ఆ లెక్కే వేశానని మాత్రం అన్నాడు. సంచిలోంచి డబ్బా తీశాను. పాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

నమోదు 250

సంస్థ నుంచి తాఖీదు అందింది. అంకెల భేదాన్ని తక్షణమే పరిష్కరించాలి.

మార్గాలు రెండు. ఆమె నా అంకెకు ఒప్పుకుంటే విమానం తిరిగి మొదలవుతుంది. మొదలైతే మస్తాన్‌వలీ ఏదో ఒక బుధవారం ఆ బూడిద నేల మీద దిగుతాడు. నేను ఆమె అంకెకు ఒప్పుకుంటే మార్గం రద్దవుతుంది. రద్దయిన మార్గానికి కొసలుండవు. కొసలు లేనప్పుడు అధికారులు, టవరు, వైర్‌లెస్ అనవసరం గనుక నెలలోపు విప్పుకొని తీసుకుపోతారు. రోడ్డు తెగింది. ఉత్తరాలు ఈ విమానంలోనే వెళ్ళేవి. ఫోన్ల తీగలు ఎప్పుడో తెగిపోయాయి, సెల్‌ఫోన్ల సిగ్నల్ ఆ నేల దాటదు.

నియమావళిని మొదటి నుంచి చదివాను. నలభై రెండో నియమం ఇలా ఉంది: భేదం పరిష్కారమయ్యేంతవరకు ఇరు కొసల అధికారులు ప్రతిరోజూ ఉదయం వైర్‌లెస్‌లో చర్చించవలెను, చర్చలు సాగినంతకాలం ఆ ఏర్పాట్లకు భంగం కలిగించరాదు.

దీన్ని నూకరత్నానికి చదివి వినిపించాను. రెండుసార్లు చదవమంది. చదివాను. వ్యవధి గడిచాక ఆమె గొంతు సవరించుకోవడం వినిపించింది.

"మీ అంకె ఎంతన్నారు?"

"ఐదువందల పన్నెండు."

"పచ్చి అబద్దం. నాది ఆరువేల తొమ్మిదొందలు."

"నీది గెజిట్‌కు విరుద్ధం. ఒప్పుకో."

"నేనొప్పుకోను. మీరే ఒప్పుకోండి."

"నేనూ ఒప్పుకోను."

"అయితే రేపు సూద్దారి."

చర్చలు విఫలమైనవి. తదుపరి సమావేశం రేపు ఉదయం.

నమోదు 251

చర్చలు విఫలమైనవి.

నమోదు 252

చర్చలు విఫలమైనవి. వాళ్ళ వైపు జీడితోటలు పూతకొచ్చాయి. ఆమె మేనమామ ఈమధ్య చెవులు వినిపించక అందరికీ సరేనంటున్నాడట.

నమోదు 271

ఇరు కొసల అధికారులూ ఒక్క రోజైనా మానకుండా విభేదిస్తున్నందుకు సంస్థ ప్రశంసాపత్రం పంపింది. దంపతుల నియామకం గురించిన పాత సిఫార్సును పునఃపరిశీలిస్తారట.

విమానం రెక్కల మీద ఓబులమ్మ మిరపకాయలు ఆరబోసింది. మస్తాన్‌వలీ కాకులు తోలుతున్నాడు. పీపాలను పేర్లతోనే పిలుస్తున్నాడు. రాజధాని నుంచి ఇంకొక నగరానికి మూడు నిమిషాల మార్గం ప్రారంభించినట్టు కొత్త గోడపత్రిక వచ్చింది. ఓబులమ్మకు జిగురు కాచమని చెప్పలేదు.

నమోదు 296

మాటకు మాట జవాబు రావడం లేదు. నేను అడిగి, టవరు మెట్లు దిగి, కాళ్ళూ చేతులూ కడుక్కొని, సంగటి తిని వచ్చేసరికి జవాబు వస్తోంది. మరో మడత ఎక్కడో వేసినట్టున్నారు.

ఈ ఇబ్బందికి నూకరత్నం ఒక పద్ధతి కనిపెట్టింది. నేను అడిగేదాకా ఆగడం మానేసింది. నేను అడగబోయేవాటికి ముందే జవాబులు చెబుతోంది. "తిన్నాను. మోకాలు నొప్పి తగ్గింది. లేదు, వాన పళ్ళేదు. మీరు ఆ నీలం చొక్కా చిరిగిపోయినా ఏసుకుంటున్నారు, నాకు తెలుసు." వేసుకొని ఉన్నాను. నా ప్రశ్నలు దారిలో ఆమె జవాబులకు ఎదురుపడుతూ ఉండాలి. పద్దెనిమిదేళ్ళ అనుభవం గల అధికారులు కాబట్టి విధులకు ఆటంకం కలగలేదు.

నమోదు 318

ఉదయం టవరులో వైర్‌లెస్ పక్కన గిన్నె పెట్టి, గోరువెచ్చని పాలలో తోడు వేశాను. మూత పెట్టాను. తరువాత నా అంకె చెప్పాను. ఐదువందల పన్నెండు కిలోమీటర్లు. మొగలిపాడు అభిప్రాయం కోరడమైనది.

గత వారం వరకు ఆమె జవాబు అందేసరికి పాలు పాలుగానే ఉండేవి. మూత తీసి, వేలు ముంచి, గోడ మీద చుక్క విదిలిస్తే జారేది. ఆ సంగతి ఆమెకు చెప్పేవాణ్ణి.

నేడు ఎండ కిటికీలోంచి లోపలికి వచ్చి, బల్ల దాటి, అవతలి గోడ మీదికి ఎక్కింది. ఓబులమ్మ రెండుసార్లు పైకి వచ్చి, నన్ను చూసి దిగిపోయింది. పరికరం సక్రమంగానే ఉంది. ఎండ గోడ దిగే వేళకు గరగరమని చప్పుడై, ఆ వెనక నూకరత్నం గొంతు వినబడింది.

"మీ అంకె తప్పండి. నేనొప్పుకోను. మూత తీశారా?"

తీశాను. గిన్నె వంచితే కదలలేదు.

కాసేపు అటు చివర ఆమె ఊపిరి మాత్రం వినిపించింది. అది ఉదయం పీల్చిన ఊపిరి.

"పారబోయకండి, తినీండి" అంది. "రేపు మళ్ళీ పెట్టుకోండి."

తిన్నాను. పెరుగు ఇంకా పులవలేదు.

నేటి చర్చలు విఫలమైనవి. భేదం కొనసాగుతున్నది.